నోటిమాట – యంత్రమునకు ఆజ్ఞ

తెరపై బొమ్మలను తాకియో, మౌసుతో నొక్కియో కంప్యూటరుచేత పని చేయించుకొనుట నేడు పిల్లలకును తెలిసిన విద్యయే. కాని కంప్యూటరు నిపుణులు తరచుగా వాడు పద్ధతి వేరొకటి కలదు. ఖాళీ తెరపై ఒక చిన్న గుర్తు మినుకుమినుకుమనుచుండును. దాని ప్రక్కన ఆజ్ఞను అక్షరములతో కొట్టి 'ఎంటర్' మీటను నొక్కినచో యంత్రము ఆ పనిని నెరవేర్చును. ఆ వరుసను ఆజ్ఞాపంక్తి అనియు, ఆ తెరను టెర్మినల్ అనియు అందురు. ఇచట బొమ్మలు లేవు, అంతయు అక్షరములే. కనుక పనివాని బలమంతయు వ్రేళ్ళలోనే యున్నది.

ఆ వ్రేళ్ళే మొరాయించినచో? ఏళ్ళ తరబడి మీటలు కొట్టుటవలన మణికట్టు, ముంజేయి నొప్పిపట్టి, గ్లాసెడు నీళ్ళు ఎత్తుటకే కష్టపడువారు కలరు. 1980 దశకపు నడుమ ఆస్ట్రేలియాలో కీబోర్డు పనివారియందు ఈ బాధ విస్తారముగ కనబడి పెద్ద చర్చకు దారితీసెను. అట్టివారికి చేతిలో విద్య యున్నను చేయి లేనట్లే. 'చేతితో కొట్టు ఆజ్ఞను నోటితో చెప్పరాదా?' అను ప్రశ్న వినుటకు సులభముగనే యున్నది. సమాధానము దొరకుటకు మాత్రము అర్ధ శతాబ్దికి పైగా పట్టెను. అంత కాలమేల పట్టెనో తెలిసికొనుటకు మొదటినుండి చూడవలెను.

పది అంకెలు వినిన యంత్రము

1952వ సంవత్సరమున అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో డేవిస్, బిడల్ఫ్, బాలషెక్ అను ముగ్గురు పరిశోధకులు 'ఆడ్రీ' అను యంత్రమును నిర్మించిరి. అది వినగలిగినవి సున్న మొదలు తొమ్మిదివరకు గల పది అంకెలు మాత్రమే. అది పనిచేసిన సూత్రము భౌతికశాస్త్ర విద్యార్థులకు సుబోధకము. కంఠమున పుట్టిన నాదము నోటి కుహరమున అనునాదము పొందును. నాలుక, పెదవులు కదలినప్పుడెల్ల కుహరపు ఆకృతి మారును. దానితోపాటు బలపడు పౌనఃపున్యములును మారును. 'ఆ' అన్నప్పుడు బలపడునవి వేరు, 'ఈ' అన్నప్పుడు బలపడునవి వేరు. ఆడ్రీ శబ్దమును సెకనుకు 900 కంపనములకు దిగువ భాగము, ఎగువ భాగము అని విడదీసి, ఒక్కొక్క భాగమున బలమైన పౌనఃపున్యము ఎట్లు కదలుచున్నదో గమనించి, ఆ కదలికను తనయందున్న నమూనాలతో పోల్చి అంకెను తెలిపెడిది. ఒక వ్యక్తి కంఠమునకు దానిని సరిచేసి, అంకెకును అంకెకును నడుమ ఆగుచు పలికినచో నూటికి 97 సార్లకు తగ్గకుండ సరిగా చెప్పెడిది. కంఠము మారినచో యంత్రమును మరల సరిచేయవలసినదే.

పదేండ్ల పిమ్మట, 1962లో సియాటిల్ నగరపు ప్రపంచ ప్రదర్శనలో ఐ.బి.యమ్. సంస్థ 'షూబాక్స్' అను యంత్రమును చూపెను. విలియమ్ డెర్ష్ రూపొందించిన ఈ యంత్రము, పేరునకు తగినట్లు, చెప్పుల పెట్టె అంతయే యుండెను. పది అంకెలతోపాటు 'ప్లస్', 'మైనస్', 'టోటల్' వంటి ఆరు ఆజ్ఞలు, మొత్తము 16 మాటలు దానికి తెలియును. 'ఫైవ్ ప్లస్ త్రీ టోటల్' అన్నచో దానికి తగిలించిన కూడికల యంత్రము 8 అని తేల్చును. ఆడ్రీ మాటను గుర్తించి ఊరకుండెను. షూబాక్స్ మాట విని పని చేయించెను. నోటి ఆజ్ఞకు ఇది తొలి అడుగులలో ఒకటి.

ఒకే సంవత్సరము, ఒకే సంస్థ

1969వ సంవత్సరమున బెల్ ప్రయోగశాలలో రెండు సంగతులు జరిగెను. అచటి పరిశోధనాధికారి జాన్ పియర్స్ ఒక శాస్త్ర పత్రికకు ఘాటైన లేఖ వ్రాసెను. మాటలాడు మనుష్యునకున్నంత బుద్ధియు, భాషాజ్ఞానమును లేనిదే ఏ యంత్రమును సామాన్య సంభాషణను వినలేదని ఆయన వాదము. దాని ఫలితముగ ఆ సంస్థలో ఈ పరిశోధన కొంతకాలము నిలిచిపోయెను.

అదే సంవత్సరమున, అదే సంస్థలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు 'యూనిక్స్' అను వ్యవస్థకు పునాది వేసిరి. నేటి టెర్మినళ్ళలో వాడు ఆజ్ఞలలో పెక్కింటికి పుట్టినిల్లు అదియే. ఆనాటి టెర్మినల్ తెర కాదు. కాగితముపై అచ్చువేయు టెలిటైపు యంత్రము. దాని వేగము సెకనుకు 10 అక్షరములు. మీటలు బరువు. కాబట్టి ఆజ్ఞలను ఎంత కుదించిన అంత మేలని తోచెను. ఫైళ్ళ పట్టికను చూపుటకు 'ఎల్-ఎస్', నకలు తీయుటకు 'సి-పి', చోటు మార్చుటకు 'ఎమ్-వి', తుడిచివేయుటకు 'ఆర్-ఎమ్' – ఇట్లు రెండేసి అక్షరములు చాలినవి. ఇవి వ్రేళ్ళకొరకు కోసి కుట్టిన మాటలు. వీనిని ఎవరైనను నోటితో పలుకవలసివచ్చునని ఆనాడు తలచినవారు లేరు.

కాటూరునుండి కార్నెగీ మెలన్ వరకు

పియర్స్ లేఖతో వినికిడి శాస్త్రము ఆగిపోలేదు. దానిని ముందుకు నడపినవారిలో అగ్రగణ్యుడు ఒక తెలుగువాడు. రాజ్ రెడ్డిగా ప్రసిద్ధుడైన దబ్బల రాజగోపాల రెడ్డి 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున ఒక రైతు కుటుంబమున జన్మించిరి. మద్రాసులోని గిండి ఇంజనీరింగు కళాశాలయందును, పిమ్మట ఆస్ట్రేలియాలోను చదివి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిరి. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా చేరిరి.

వారి బృందము అనుసరించిన మార్గమును ఒక చిన్న ఉదాహరణముతో గ్రహింపవచ్చును. సంతలోని రద్దీలో ఎవరో 'పిల్లలు పలకలు పట్టుకొని –డికి పోయిరి' అన్నారనుకొందము. మొదటి అక్షరము వినబడకున్నను అది 'బడి' యని వినువానికి తెలియును. 'కొబ్బరికాయ పట్టుకొని –డికి పోయిరి' అన్నచో అది 'గుడి' యగును. చెవికి అందనిదానిని సందర్భము పూరించినది. మనుష్యుడు సగము చెవితోను, సగము తెలివితోను వినును. యంత్రమునకు ఆ రెండవ సగమును ఒసగుటయే రెడ్డిగారి బృందము చేసిన పని.

1970 దశకపు తొలి సంవత్సరములలో వారు నిర్మించిన 'హియర్‌సే' అను వ్యవస్థ నోటితో చెప్పిన ఎత్తులతో చదరంగము ఆడెను. ఒక మాట స్పష్టముగ వినబడనప్పుడు, అప్పటి బల్లపై ఏ ఎత్తులు సాధ్యమో చూచి దాని నిర్ణయించెడిది. అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ 1971లో అయిదేండ్ల పథకమొకటి ప్రారంభించి, వేయి మాటలు వినగల యంత్రమును కోరెను. 1976లో కార్నెగీ మెలన్‌లో బ్రూస్ లొవెర్ సిద్ధము చేసిన 'హార్పీ' 1011 మాటలతో ఆ గమ్యమును చేరెను. దాని రహస్యము కట్టుదిట్టమైన వ్యాకరణము. ఏ మాట తరువాత ఏ మాట రావచ్చునో ముందే ఒక వల వలె అల్లి, ఆ వలలో లేని దారిని యంత్రము పరిశీలింపనే పరిశీలింపదు. రాజ్ రెడ్డి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానమును పొందిరి.

తరువాతి అడుగు గణాంకశాస్త్రమునది. కార్నెగీ మెలన్‌లోనే చదివిన జేమ్స్ బేకర్, ఐ.బి.యమ్.లో ఫ్రెడరిక్ జెలినెక్ సంభావ్యతలను ఈ పనికి వినియోగించిరి. ఏ మాట వెనుక ఏ మాట ఎన్నిసార్లు వచ్చునో వేలకొలది పుటలనుండి లెక్కకట్టి, ఆ లెక్కతో ఊహించుట ఈ పద్ధతి. బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్ సంస్థను స్థాపించిరి. 1990లో వచ్చిన వారి 'డ్రాగన్‌డిక్టేట్'తో మాటకును మాటకును నడుమ ఆగవలసివచ్చెను. వెల 9000 డాలర్లు. 1997నాటి 'నాచురల్లీస్పీకింగ్' నిమిషమునకు సుమారు 100 మాటలవరకు ధారాళముగ చెప్పినను వ్రాసికొనెను.

ఊహయే ఉపద్రవమైన చోటు

ఉత్తరము చెప్పి వ్రాయించుటకు ఇది వరమైనది. చేతులు నొచ్చిన ప్రోగ్రాము రచయితలు దీనినే టెర్మినల్‌లో వాడబోయి భంగపడిరి. ఏలయనగా ఇచట 'బడి'ని, 'గుడి'ని తేల్చు వాక్యమే లేదు. 'ఎల్-ఎస్' అను మాట ఏ పుస్తకపు వాక్యములోను రాదు. కనుక యంత్రము దానికి దగ్గరగా ధ్వనించు మంచి ఆంగ్లపదమునొకదానిని వెదకి వ్రాసెడిది. వాక్యారంభమని తలచి మొదటి అక్షరమును పెద్దది చేసెడిది. యూనిక్స్‌కు పెద్ద అక్షరము వేరు, చిన్న అక్షరము వేరు. మాటల నడుమ తనంత తాను ఖాళీ విడిచెడిది.

ఖాళీ అనగా అల్పమని తోచవచ్చును. తుడుపు ఆజ్ఞయైన 'ఆర్-ఎమ్' తరువాత 'నోట్స్' అని వ్రాసి, దానికి అంటుకొని నక్షత్రపు గుర్తు పెట్టినచో, 'నోట్స్' అని మొదలగు ఫైళ్ళు మాత్రమే పోవును. ఆ రెండింటి నడుమ ఒక్క ఖాళీ చేరినచో నక్షత్రపు గుర్తు విడివడి 'ఉన్నవన్నియు' అను అర్థమిచ్చును. ఆ చోట గల ఫైళ్ళన్నియు తుడిచిపెట్టుకొనిపోవును. ఈ ఆజ్ఞకు వెనుకకు మరలు దారి లేదు. ఉత్తరమున తప్పు పడినచో దిద్దవచ్చును. ఇచట తప్పు వినుట అనగా నెలల శ్రమ నేలపాలగుట. వినికిడి యంత్రమునకు బలము నిచ్చిన ఊహాశక్తియే టెర్మినల్‌లో దానికి దోషమయ్యెను.

ఒక్కొక్క అక్షరముగ చెప్పినచో? ఆంగ్లమున బి, సి, డి, ఇ, జి, పి, టి, వి అను పేర్లన్నియు 'ఈ' ధ్వనితో ముగియుచు చెవికి ఒకటే వలె నుండును. విమాన చోదకులకు ఈ చిక్కు పూర్వమే తెలియును. అందుచేతనే 1956నుండి వారు ఆల్ఫా, బ్రావో, చార్లీ అను వర్ణమాలను వాడుచున్నారు. కాని వేగము చాలదు. ఆంగ్లమున మాటకు ఖాళీతో కలిపి ఆరు అక్షరములనుకొన్నచో, నిమిషమునకు 100 మాటల ఉక్తలేఖనము సెకనుకు 10 అక్షరములగును – పాత టెలిటైపు వేగమే. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అక్షరమే వచ్చినచో సెకనుకు రెండక్షరములైనను రావు.

బాధితులే కట్టుకొన్న భాష

ఈ చిక్కును విప్పినవారిలో పెక్కురు బాధపడినవారే. 1990 దశకపు చివర వచ్చిన 'నాట్‌లింక్', తరువాతి 'డ్రాగన్‌ఫ్లై' అను సాధనములు డ్రాగన్ వ్యవస్థకు ఎవరి వ్యాకరణమును వారు నేర్పుకొను వీలు కల్పించెను. 2013లో అమెరికాలో జరిగిన పైథాన్ భాషాకారుల సమావేశమున, చేతులు నొచ్చిన ఒక ప్రోగ్రాము రచయిత తాను కూర్చుకొన్న వందలకొలది పొట్టిమాటలతో కీబోర్డు ముట్టకయే ప్రోగ్రాము వ్రాసి చూపెను. 'ఎంటర్' మీటకు అతడు పెట్టుకొన్న పేరు 'స్లాప్', అనగా చెంపపెట్టు.

అటుపై వచ్చిన 'ట్యాలన్' అను సాధనపు వాడుకరులు అక్షరములకు పొట్టిపేర్లు కూర్చుకొనిరి: ఎ-కు 'ఎయిర్', బి-కి 'బ్యాట్', సి-కి 'క్యాప్'. ఇందు ఎల్ 'లుక్', ఎస్ 'సన్'. కాబట్టి 'లుక్ సన్' అన్నచో తెరపై ఎల్-ఎస్ పడును. తరచుగా వాడు ఆజ్ఞ మొత్తమునకు ఒకే మాట పెట్టుకొనుటయు కలదు. పరికించినచో ఇది షూబాక్స్, హార్పీ చూపిన పాత దారియే: మాటలు కొద్ది, వ్యాకరణము కట్టుదిట్టము, ఊహకు తావు తక్కువ. జాగ్రత్త కలవారు 'ఎంటర్'ను వేరు మాటగనే ఉంచుకొందురు. ఆజ్ఞ తెరపై పడును; కన్ను చదువును; ఆపైననే నోరు 'కానిమ్ము' అనును. ఇందును ఒక మెలకువ కలదు: దినమంతయు ఒకే రీతిగ పలికినచో గొంతుకయు అలసి నొచ్చును. చేతికి వలెనే నోటికిని విశ్రాంతి వలయును.

ఇటీవలి కాలమున, 'పెద్ద ఫైళ్ళేవో చూపుము' అని మామూలు మాటలతో అడిగినను తగిన ఆజ్ఞను తానే కూర్చు యంత్రములు వచ్చినవి. మనుష్యునివంటి భాషాజ్ఞానము కావలెనని పియర్స్ చెప్పినదానికి ఇవి చాల దగ్గరగా వచ్చెను. కాని ఇవియు ఊహించునవే. ఊహ తప్పినచో తుడుపు ఆజ్ఞ తుడుపు ఆజ్ఞయే. కాబట్టి యంత్రము ఎంత బాగుగ విన్నను, అది విన్నదేమో చదువు బాధ్యత ఆజ్ఞ ఇచ్చువానిదే. ఆ మెలకువ కలవానికి చేయి సహకరింపకున్నను విద్య చేజారదు; జీవనోపాధియు నిలుచును. పది అంకెలతో మొదలైన ఈ పరిశోధన నొచ్చిన చేతులకు చేసిన మేలు అదియే.