యుద్ధకాలమున విదేశాంగ విద్వత్పరిషత్తులు

1939 సెప్టెంబరు మాసమున ఐరోపాలో సంగ్రామము ఆరంభము కాగానే, సైనికులు శిబిరములకును, లండన్ నగరపు పసిపిల్లలు పల్లెలకును తరలిపోవుచున్న ఆ దినములలో, సెయింట్ జేమ్సెస్ స్క్వేరునందలి 10వ నంబరు భవనమునుండి పత్రికాఖండముల కట్టలతో ఒక విద్వద్బృందము ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలకు మకాము మార్చెను. ఆ భవనమునకు ఛాటమ్ హౌస్ అని పేరు. ఆ బృందమునకు నాయకుడు చరిత్రకారుడైన ఆర్నాల్డ్ టాయిన్‌బీ. శత్రుదేశముల పత్రికలను, తటస్థదేశముల పత్రికలను తెప్పించి చదివి వాని సారమును సంగ్రహించుట, విదేశాంగశాఖవారు అడిగిన విషయములపై నివేదికలు వ్రాయుట వారి నిత్యకృత్యమయ్యెను. తుపాకి చేపట్టని యీ యోధుల చరిత్ర రణరంగముల చరిత్రవలె విరివిగా చెప్పబడలేదు. యుద్ధవేళ రాజ్యమునకు సలహా చెప్పెడి పండితుని మాటకు ప్రామాణ్యమెంత యను ప్రశ్న యీ చరిత్రయందు అడుగడుగునను ఎదురగుచున్నది గనుక దానిని కొంత విపులముగా పరామర్శించుట యుక్తమని నా తలంపు.

ఈ పరిషత్తులు పుట్టినది పూర్వపు మహాయుద్ధపు భస్మరాశినుండియే. 1919 మే 30వ తేదీన పారిస్ నగరమునందలి మెజెస్టిక్ హోటలులో, సంధిసభకు వచ్చిన బ్రిటిషు, అమెరికా నిపుణులు కొందరు సమావేశమై, విదేశాంగ విషయములు కొలదిమంది రాయబారుల గదులలో మాత్రమే మెలగుచుండుట చేటని భావించి, శాస్త్రీయమైన అధ్యయనముచే ప్రజాభిప్రాయమునకు వెలుగుచూపెడి సంస్థ యొకటి కావలెనని నిశ్చయించిరి. లయొనెల్ కర్టిస్ ఆ యత్నమునకు ప్రాణము. ఆ సంకల్పము 1920లో లండనునందును, 1921లో న్యూయార్కునందును వేర్వేరు సంస్థలుగా రూపొందెను. ఛాటమ్ హౌసున నెలకొన్న ఆ లండను సంస్థకు 1926లో లభించిన రాజశాసనమునందు, సంస్థ తన పేరున ఏ అభిప్రాయమును ప్రకటింపరాదను నిబంధన కలదు. సభ్యులు ఏమైనను చెప్పవచ్చును, సంస్థ మాత్రము మౌనము వహింపవలెను. ఆ సంస్థ గౌరవమంతయు ఆ మౌనముపైననే నిలిచియుండెనని నా విశ్వాసము.

యుద్ధము వచ్చినంతనే ఆ మౌనమునకు పరీక్ష వచ్చెను. బేలియల్ కళాశాలలోని పండితుల జీతభత్యములకు అధికభాగము ప్రభుత్వ ధనాగారమునుండి రాదొడగెను; ప్రజల సొమ్ము వీరికేలయని పార్లమెంటునందు ప్రశ్నలు బయలుదేరెను. తుదకు 1943లో ఆ విభాగము విదేశాంగశాఖలోనే లీనమై, ఆ శాఖ పరిశోధనావిభాగముగా మారిపోయెను. ఇది స్వాతంత్ర్యమునకు భంగమని విచారించువారు కలరు గాని నేను అట్లు తలంపను. ప్రభుత్వపు జీతము తీసికొనువాడు ప్రభుత్వపు పేరుతోనే పలుకుట నిజాయితీ. ఎవరి ఉప్పు తినుచున్నవాడో తెలియనప్పుడే వినువానికి చిక్కు.

అట్టి చిక్కు అమెరికాలో సంభవించెను. అదే 1939 సెప్టెంబరు 12వ తేదీన న్యూయార్కు పరిషత్తునుండి హామిల్టన్ ఫిష్ ఆర్మ్‌స్ట్రాంగ్, వాల్టర్ మాలరీ అను ఇరువురు వాషింగ్టనుకు పోయి, యుద్ధమును గూర్చియు యుద్ధానంతర శాంతిని గూర్చియు తమ పండితులచే నివేదికలు వ్రాయించి యిత్తుమని విదేశాంగశాఖకు మాట యిచ్చిరి. వ్యయము రాక్‌ఫెల్లర్ ధర్మనిధి భరించెను; ఆ మొత్తము సుమారు 3,50,000 డాలర్లు. 1945 వరకు సాగిన యీ కార్యమున 682 నివేదికలు సిద్ధమయ్యెను. వానిలో గ్రీన్‌లాండును గూర్చిన దొకటి ప్రసిద్ధము. డెన్మార్కు రాజ్యమును జర్మనీ ఆక్రమించినది 1940 ఏప్రిలు 9వ తేదీన. అంతకు మూడు వారములు ముందే, మార్చి 17వ తేదీననే, ఆ హిమద్వీపము అమెరికా ఖండమునకు చెందినదిగా పరిగణింపబడవలెనను నివేదిక ప్రభుత్వమునకు చేరియుండెను. ఆక్రమణము జరిగిన పిదప కొలదిదినములకే అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఆ అర్థమునే పత్రికలవారికి చెప్పెను. సరిగా ఏడాదికి, 1941 ఏప్రిలు 9వ తేదీన, వాషింగ్టనులోని డేనిషు రాయబారితో ఒడంబడిక కుదిరి, ఆ ద్వీపమున సైనిక స్థావరములు నెలకొల్పుటకు అమెరికాకు అధికారము లభించెను. దూరదృష్టికి ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? అయినను ఆ నివేదికలన్నియు రహస్యములు. వానిని వ్రాసినవారెవరో, ఎవరి ధనముతో వ్రాసిరో, ఆ సలహాలచే తన బిడ్డ ఏ సముద్రమునకు పంపబడుచున్నాడో సామాన్య పౌరునకు తెలియదు. సత్యమునెరిగినవాడై, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడే ఆప్తుడని మన తార్కికులు నిర్వచించిరి. న్యూయార్కు పండితులు సత్యమునెరిగినవారే, చెప్పగోరినవారే. కాని వారు చెప్పినది రాజునకు మాత్రమే. మెజెస్టిక్ హోటలులో చేసిన సంకల్పము ప్రజలకు వెలుగు చూపుటకు గదా!

మన దేశమున యీ కథ మరింత తీవ్రముగా నడచెను. ఛాటమ్ హౌస్‌కు అనుబంధముగా ఢిల్లీలో 1936లో భారత అంతర్జాతీయ వ్యవహారముల సంస్థ యొకటి ఏర్పడెను. పెద్దపదవులలో నున్నవారును, ప్రభుత్వమునకు సన్నిహితులును దానియందు ప్రముఖులు. శాంతికాలమున దీనిని అంతగా పట్టించుకొనినవారు లేరు. కాని 1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు ఏ భారతీయ నాయకుని సంప్రదింపకయే యీ దేశమును యుద్ధమున దింపిన పిదప, భారతదేశపు పక్షమున విదేశములలో మాటలాడువారెవరు అను ప్రశ్న ప్రాణప్రదమయ్యెను. 1942 డిసెంబరులో కెనడాలోని మాంట్ ట్రెంబ్లాంట్ అను చోట పసిఫిక్ సంబంధముల సంస్థవారి మహాసభ జరుగగా, దానికి భారతదేశమునుండి వెళ్ళినవారిలో కాంగ్రెసు నాయకుడొక్కడు లేడు, ఉండుట అసంభవము. ఆ ఆగస్టునుండియే గాంధీమహాత్ముడు ఆగాఖాను సౌధమున బందీ. నెహ్రూ మొదలగువారితోపాటు మన బందరు వాస్తవ్యుడు పట్టాభి సీతారామయ్య అహమ్మదునగరపు కోటలో నిర్బంధమందుండి దినచర్య వ్రాసికొనుచుండెను. ఆ సభ కొరకే డాక్టరు అంబేడ్కరు అంటరానివారి సమస్యపై ఒక పత్రమును సమర్పించెను. భారత స్వాతంత్ర్యమున తమ వారి స్థానమేదని నిలదీసిన ఆ పత్రము ఆ సభకు వెళ్ళిన భారతీయ వాక్కులలో మిక్కిలి గట్టిదని నేను తలంతును. అయినను దేశమున అత్యధిక జనాదరణ గల పక్షము చెరసాలలో నుండగా, ఏ సంస్థయైనను ‘భారతాభిప్రాయమిది’ యని పలికిన పలుకును నమ్మువారెవరు?

ఈ లోపమును గుర్తించినవారు విప్లవకారులు కారు. సర్ తేజ్ బహదూర్ సప్రూ, హృదయనాథ కుంజ్రూ మున్నగు మితవాదులు 1943 నవంబరులో ప్రపంచ వ్యవహారముల భారత మండలిని స్థాపించి, ప్రభుత్వ సంబంధము లేని అనధికార సంస్థగా దానిని నిలిపిరి. వైస్రాయి కొలువునకు సుపరిచితుడైన సప్రూవంటి న్యాయవాదియే ఆ పాత సంస్థ పలుకుబడి చాలదని తలంచెననగా, ఆ కొరత యెంతటిదో యూహింపవచ్చును. 1945 జనవరిలో వర్జీనియాలోని హాట్ స్ప్రింగ్స్‌లో పసిఫిక్ సంస్థ మరల సమావేశమైనపుడు ఈ మండలి పక్షమున వెళ్ళినవారిలో విజయలక్ష్మీ పండిట్ ఒకరు. ఆమె అంతటితో తిరిగిరాక అమెరికాలో ఊరూర ఉపన్యసించి, ఏప్రిలులో ఐక్యరాజ్యసమితి స్థాపనకై శాన్‌ఫ్రాన్సిస్కో సభ జరుగుచుండగా, అధికార ప్రతినిధివర్గము భారత ప్రజలకు ప్రతినిధి కాదని బాహాటముగా చాటెను. ఆ వర్గమునకు నాయకుడు కర్నూలున జన్మించిన ఆర్కాటు రామస్వామి ముదలియారు, సమర్థుడే, విద్వాంసుడే. కాని ఆ దినములలో శ్రోతలు ముందుగా విచారించినది విద్వత్తును గాదు, పంపినవారెవరను విషయమును.

1947 మార్చి 23 మొదలు ఏప్రిలు 2 వరకు ఢిల్లీ పాతకోటలో ఆసియా సంబంధముల మహాసభను జరిపించినది ఈ మండలియే. దేశవిభజనము జరుగగా పాత సంస్థ కార్యదర్శి ఖ్వాజా సర్వర్ హసన్ దాని గ్రంథాలయమును కరాచీకి చేర్చి, అచట పాకిస్తాను సంస్థకు పునాది వేసెను.

పసిఫిక్ సంస్థ పర్యవసానము మాత్రము దుఃఖకరము. 1925లో హొనొలులూలో పుట్టిన ఆ సంస్థ చైనా, జపాను దేశములను గూర్చి అమెరికాలో మరెవరును చేయనంత కృషి చేసియుండెను. 1950 అక్టోబరులో దాని మహాసభ లక్నోలో జరిగెను. అప్పటికే కొరియాలో యుద్ధము నడచుచున్నది. నాలుగు నెలలు తిరుగకుండగనే, 1951 ఫిబ్రవరిలో, సెనేటరు మెకారన్ అధ్యక్షతనున్న ఉపసంఘమువారు, మాసచూసెట్సులోని లీ అను పల్లెలో పూర్వ కార్యదర్శి ఎడ్వర్డ్ కార్టరు కొట్టమున దాచియున్న సంస్థ కాగితములను స్వాధీనపరచుకొనిరి. చైనా కమ్యూనిస్టుల వశమగుటకు ఈ పండితులే కారకులని వారి అభియోగము. సంస్థ పత్రిక ‘పసిఫిక్ అఫైర్స్’కు పూర్వము సంపాదకుడైన ఓవెన్ లాటిమోరుపై అసత్యప్రమాణ నేరము మోపబడి, 1955లో ఉపసంహరింపబడెను. అదే సంవత్సరమున పన్నుల శాఖవారు సంస్థకు పన్ను మినహాయింపును తొలగించిరి. దాతలు ఒక్కరొక్కరే తొలగిపోయిరి. కార్యదర్శి విలియమ్ హాలండు న్యాయస్థానమునందు పోరాడగా, 1959లో పన్నుల శాఖవారి ఆరోపణలన్నియు నిరాధారములని తీర్పు వచ్చెను. కాని అప్పటికే సంస్థ నిర్ధనమైయుండుటచే మరుసటి సంవత్సరమునందే మూతపడెను. హాలండు ఆ పత్రికను కెనడాలో వాంకూవరునందలి బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునకు కొనిపోయి 1961నుండి అచటనే నడిపెను.