దర్గా కొండ నుంచి కుర్సురా దాకా



విశాఖపట్నం వెళ్తే మన ఖాందాన్లన్నీ చేసేది ఒకటే. ఆర్‌కే బీచ్‌లో కాసేపు కూర్చోవడం, పిల్లలకు కుర్సురా సబ్‌మెరైన్ చూపించడం, కాల్చిన మొక్కజొన్న కంకులు తినడం. దర్గా కొండకు జియారత్‌కు పోయేది ఇంకో పూట. ఈ రెండూ ఒకే దారిలో ఉన్నాయని ఎవరికీ తట్టదు. హార్బర్ నోటి దగ్గరున్న దర్గా కొండ దిగి, పాతూరు దాటి, బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా నడిస్తే కుర్సురా వస్తుంది. కుడిపక్క సమందర్, ఎడమపక్క రెండున్నర శతాబ్దాల ఫౌజీ తారీఖ్.

ఈ దారి గురించి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 'ఘాజీ' సినిమా టీవీలో చూశాక మా చిన్నోడు ఒక మాట అడిగాడు. "అబ్బా, గాజీ అంటే మన పేరే కదా? ఓడిపోయింది మనవాళ్ళా?" మీ ఇంట్లోనూ పిల్లలు అడిగే ఉంటారు. అడక్కపోతే, బడిలో ఎవరో ఒకరు వాళ్ళను అడిగి ఉంటారు. "కాదు బేటా" అనడం తేలికే. కానీ ఆ మాటకు గవాహీ కావాలి. ఆ గవాహీ ఈ ఒడ్డు మీదే ఉంది.

కొండ నుంచే మొదలుపెడదాం. పైన హజ్రత్ ఇస్‌హాక్ మదనీ మజార్. పక్క కొండల మీద మేరీమాత చర్చి, వెంకటేశ్వరస్వామి గుడి. కింద ఓడలు లోపలికొచ్చే కాలువ, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. బంగాళాఖాతం గాలివానలు ఈ బుజుర్గ్ మాట వింటాయని పాతకాలం ఓడల వాళ్ళ అఖీదా. సఫర్ ఖైరియత్‌గా ముగిస్తే హిందూ ఓడల యజమానులు వెండితో చిన్న పడవలు చేయించి దర్గాకు సమర్పించేవారని ఇంగ్లీషువాళ్ళ జిల్లా గెజిటీరే రాసుకుంది. అంటే ఈ రేవుకు తొలి పహరా ఫిరంగులది కాదు, ఒక ఫకీరు దువాది.

కింద కనిపించే హార్బర్ మాత్రం అంత పాతది కాదు. అలల దెబ్బ ఆపడానికి జేనస్, విల్లింగ్‌డన్ అనే రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి కావాలనే ముంచారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ ప్రారంభోత్సవం చేశాడు. ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఇక్కడ నిలబడితే ఓడలకంటే ముందు మాటలు వినిపిస్తాయి. లంగరు ఫార్సీది. మచిలీపట్నాన్ని 'బందరు' అంటున్నామే, అదీ ఫార్సీదే, రేవు అని అర్థం. నేవీలో అందరికంటే పెద్ద హోదా 'అడ్మిరల్', దాని మూలం అరబీ 'అమీర్'. సరుకు మోసిన కళాసీ మన ఖలాసీయే. సిపాయి, సుబేదారు సంగతి చెప్పక్కర్లేదు.

సుబేదారు అంటే ఈ ఊళ్ళో గుర్తుకు రావలసిన పేరొకటుంది. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర హైదర్ అలీ, టిప్పు కలిసి కంపెనీ ఫౌజును చిత్తు చేశారు. మద్రాసు వణికిపోయింది. ఉత్తర సర్కారుల సిపాయిల్ని ఓడలెక్కించి అక్కడికి పంపమని హుకుం వచ్చింది. అక్టోబరు 3న, ఇదే ఒడ్డున, సిపాయిలు ఓడ ఎక్కమన్నారు. తుపాకులు తిప్పారు. కొందరు తెల్లవాళ్ళు చనిపోయారు. ముందు నిలబడ్డది షేక్ మహమ్మద్ అనే సుబేదారు. తర్వాత పట్టుబడితే కంపెనీ మరణశిక్ష వేసింది. మీరట్ బగావత్‌కు ఇది 77 ఏళ్ళ ముందు మాట. పాతూర్లో కంపెనీ కాలం నాటి యూరోపియన్ల ఖబరస్తాన్ ఇంకా ఉంది. అక్కడి రాళ్ళ మీద అధికారుల పేర్లుంటాయి. షేక్ మహమ్మద్ పేరు మాత్రం ఉండదు.

బీచ్ రోడ్డు మొదట్లో 'కోస్టల్ బ్యాటరీ' అనే బస్సు స్టాపు పేరు అందరికీ తెలుసు. బ్యాటరీ అంటే ఇక్కడ ఫిరంగుల వరస. అవసరం పడిన ఊరే ఇది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మూడు యుద్ధనౌకలతో వచ్చి ఇక్కడ లంగరేసిన ఇంగ్లీషు ఓడల మీద పడ్డాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేశాయి. ఈ లడాయీలు రెండూ పరాయి రాజ్యాలవి, దెబ్బ మాత్రం మన ఊరికి.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నావికులు సమ్మె మొదలుపెట్టారు. తిండి దగ్గర మొదలైన గొడవ ఆజాదీ నినాదం దాకా వెళ్ళింది. సమ్మె కమిటీకి సదర్ ఎం.ఎస్.ఖాన్, ఉపాధ్యక్షుడు మదన్ సింగ్. ఓడల మీద కాంగ్రెస్, లీగ్, కమ్యూనిస్టు జెండాలు పక్కపక్కనే ఎగిరాయి. విశాఖ నావికులూ ఆ సమ్మెలో కలిశారు. పెద్ద నాయకులెవరూ వాళ్ళ వెనక నిలబడలేదు. ఏడాదిన్నరకే ముల్క్ రెండయింది, నేవీ కూడా రెండయింది.

ఇక విక్టరీ ఎట్ సీ స్మారకం. 1971 జంగ్ గెలుపు కోసం 1996లో కట్టారు. అమెరికా డయాబ్లో పేరుతో కట్టిన జలాంతర్గామి 1964లో పాకిస్తాన్ చేతికొచ్చి గాజీ అయింది. ఐఎన్ఎస్ విక్రాంత్‌ను ముంచాలని 1971 నవంబరులో కరాచీ నుంచి బయల్దేరింది. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్‌కు చాటుగా పంపేసి, విశాఖలోనే ఉన్నట్టు నమ్మించాడు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక గాజీ ఇక్కడి నీళ్ళలో పేలి మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నేవీ, ప్రమాదవశాత్తు పేలిందని పాకిస్తాన్ చెబుతాయి. 90 మందికి పైగా అడుగునే ఉండిపోయారు.

మా చిన్నోడికి నేను చెప్పిన మిగతా సగం ఇది. అదే ఏడాది ఫ్రాన్సు రేవులో ఉన్న పాకిస్తాన్ జలాంతర్గామి మాంగ్రో నుంచి కొందరు బెంగాలీ నావికులు తప్పించుకుని ఇండియా చేరారు. మన నేవీ దగ్గర శిక్షణ పొందిన బెంగాలీ ఈతగాళ్ళు ఆగస్టు 15 అర్ధరాత్రి చిట్టగాంగ్, మోంగ్లా రేవుల్లో పాకిస్తాన్ ఓడలకు మందుపాతరలు అంటించి పేల్చారు. వాళ్ళలో ఎక్కువమంది కల్మా చదివినవాళ్ళే. గాజీ అని పేరు పెట్టినంత మాత్రాన ఆ లోహపు పెట్టె దీన్ కోసం పోరాడినట్టు కాదు. జుల్మ్ చేసే హుకూమత్ ఒకవైపు, దాన్ని ఎదిరించినవాళ్ళు ఇంకోవైపు. మజహబ్ రెండువైపులా ఉంది.

చివరికి కుర్సురా. సోవియట్ తయారీ, 91 మీటర్ల పొడవు. 1969 డిసెంబరు నుంచి 2001 ఫిబ్రవరి దాకా కొలువు చేసింది. 1971 జంగ్‌లో ఇది అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2002 నుంచి ఇక్కడ మ్యూజియం. లోపల తలుపు రంధ్రాల్లోంచి వంగి దూరుతుంటే, నావికులు ఒకరి మీద ఒకరు పడుకున్నంత దగ్గరగా బతికారని తెలుస్తుంది. అంత ఇరుకులో పక్కవాడి కౌమ్ అడిగే తీరిక ఎవరికుంటుంది?

ఈసారి ఎండ ఎక్కకముందే దర్గా కొండ ఎక్కండి, ఫాతెహా చదివి దిగండి, పిల్లల చెయ్యి పట్టుకుని కుర్సురా దాకా రండి. దారిలో షేక్ మహమ్మద్ పేరు వాళ్ళకు చెప్పండి. మీ ఖాందాన్‌లో ఓడల మీదో, రేవులోనో, నేవీలోనో పనిచేసిన బుజుర్గులుంటే వాళ్ళ పేరు, ఊరు, చేసిన కొలువు ఒక కాగితం మీద రాసి దాచండి. రాతి మీద చెక్కించే తాఖత్ మనకు లేకపోవచ్చు. కాగితానికేం తక్కువ?