స్పార్క్ ప్లగ్ వైఫల్యం
పెట్రోలు ఇంజన్‌లో గాలి, పెట్రోలు మిశ్రమాన్ని అంటించాల్సిన ప్లగ్గు సరిగా నిప్పురవ్వ ఇవ్వకపోవడం. డీజిల్ ఇంజన్లకు ఈ ప్లగ్గు ఉండదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ కుదుపుతుంది, మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చెడగొడుతుంది కనుక అసలు నాన్చకూడదు.

విప్పిన ప్లగ్గు మొనే జబ్బు చెబుతుంది. లేత గోధుమరంగుంటే బాగున్నట్టు. వేలికి పొడిమసి అంటితే చాలావరకు పెట్రోలు ఎక్కువ పడుతోందని అర్థం. నూనె జిడ్డు కనిపిస్తే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగి ఉండొచ్చు. అప్పుడు ప్లగ్గు ఒక్కటే మార్చి ఊరుకుంటే లాభం లేదు. తెల్లగా మాడి పొక్కులు లేస్తే అతివేడి.

ప్లగ్గు మొనలో నిప్పురవ్వ దూకే ఎలక్ట్రోడ్ల సందు చాలా కార్లలో 0.7–1.1 మి.మీ. ఉంటుంది. కొత్త ప్లగ్గును చల్లారిన ఇంజన్‌లో ముందు చేత్తోనే తిప్పి మర పట్టించాలి. ప్లగ్గు బిగించే అల్యూమినియం సిలిండర్ హెడ్‌లో మర చెడితే బాగుచేయడం ఖరీదైన పని.