ఊరినుంచి వచ్చాక పెట్టె ఎవరు సర్దుతారు?

ఇళ్ళు రెండు రకాలు. ఊరినుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే పెట్టె తీసి మంచం మీద బోర్లించేసే ఇళ్ళు ఒక రకం. వచ్చిన పెట్టె వచ్చినట్టే గది మూల నిలబడి ఉంటే, రోజూ అందులోంచి బ్రష్షో చార్జరో దువ్వెనో లాక్కుంటూ వారం పదిరోజులు గడిపేసే ఇళ్ళు ఇంకో రకం. ఈ రెండు రకాల ఇళ్ళ మధ్య పెళ్ళి సంబంధం కుదిరితే ఏమవుతుందో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. నేను మొదటి రకం ఇంట్లో పుట్టి రెండో రకం ఇంటికి వచ్చాను.

మామూలుగా దీన్ని శుభ్రం, బద్ధకం అనే లెక్కలోనే చూస్తాం. "వాళ్ళ అమ్మ అలా పెంచింది" అనేస్తే అయిపోతుంది. కానీ పాతకాలం ప్రయాణాల గురించి పెద్దవాళ్ళు చెప్పింది వింటూ, దొరికింది చదువుతూ ఉంటే నాకు వేరేగా అనిపిస్తోంది. ఈ అలవాట్ల వెనక ఉన్నది మన స్వభావం తక్కువ. బొగ్గు నుసి, నల్లులు, బావి నీళ్ళు, చాకిరేవు, వీధంతా పంచాల్సిన ప్రసాదం ఎక్కువ.

రైళ్ళు రాకముందు సంగతి చూడండి. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మనవాళ్ళు ఊరికే అనలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న మళ్ళీ ఇల్లు చేరారు. పదిహేను నెలల పదిహేను రోజులు! బోయీలు, పల్లకీలు, డేరాలు, పరివారం కలిపి దాదాపు వందమంది. దారిలో ఆయన తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారికి రాసిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి బాగుంటుంది అన్నవి ఆయన ఎంత ఓపిగ్గా రాశారో చదివితే ముచ్చటేస్తుంది. వంట చేసుకునేవాళ్ళకి కావలసిన వివరాలు అవి.

అయితే యాత్రల పుస్తకాలు సాధారణంగా ఇల్లు చేరడంతో ఆగిపోతాయి. రాసిన మనిషికి ప్రయాణం గుమ్మం దగ్గర అయిపోయింది మరి. పదిహేను నెలల మాసిన బట్టలు, మసిపట్టిన గిన్నెలు, తడిసి ఆరిన డేరా గుడ్డలు, వాటిని ఎవరు దింపారు, ఎన్నాళ్ళు ఉతికారు, ఎన్ని చిరిగిపోతే పాతగుడ్డల కింద వాడారు? ఆ యాత్ర లోపల జరిగింది. దాన్ని రాయడానికి ఎవరూ కాగితం ఖర్చుపెట్టలేదు.

రాతలో లేకపోయినా ఆచారాల్లో కొంత మిగిలింది. కాశీ సామాను ఎవరు పడితే వాళ్ళు, ఎప్పుడు పడితే అప్పుడు తీసేది కాదు. గంగనీళ్ళు మూతి మూసి అతికిన చిన్న రాగి చెంబుల్లో వచ్చేవి. ఇంటికి తెచ్చాక మంచిరోజు చూసుకుని గంగపూజ చేసి, సమారాధన పెట్టి అప్పుడు పంచేవారు. ఒక చెంబు అలాగే దేవుడి గూట్లో ఉండిపోయేది, ఇంట్లో ఎవరికైనా చివరి ఘడియల్లో నోట్లో పొయ్యడానికి. కాశీదారాలు పిల్లల చేతులకి, అన్నపూర్ణ విగ్రహం ఆడపిల్లలకి. అంటే యాత్ర మూట ఒక్క ఇంటిది కాదు, వీధిది. దాన్ని విప్పకుండా మూల పెట్టుకోవడం అంటే ఇరుగుపొరుగు పుణ్యంలో వాటా ఎగ్గొట్టినట్టే. ఇప్పటికీ తిరుపతి నుంచి వస్తే, ఎంత బద్ధకస్తుల ఇంట్లో అయినా లడ్డూల సంచీ మాత్రం ఆ పూటే బయటికి వస్తుంది కదా.

పుట్టింటి నుంచి సారెతో వచ్చిన పిల్ల పెట్టె కూడా అంతే. చలిమిడి, అరిసెలు, పసుపు కుంకుమలు, చీర... వీధిలో వాళ్ళు వచ్చి చూస్తుండగా తీయాలి. ఎన్ని అరిసెలు, ఎంత బరువు చీర, పెట్టిన పుట్టిల్లు ఎలాంటిది అన్నీ ఆ పదినిమిషాల్లో తేలిపోయేవి. చాలా ఇళ్ళల్లో ఆ పెట్టె తీసేది తెచ్చుకున్న పిల్ల కాదు, అత్తగారో పెద్దాడపడుచో. తాళంచెవి మాత్రం కోడలి కొంగున ముడేసి ఉండేది. ఆ ముడి విప్పి ఇవ్వడం ఎలా ఉండేదో మన అమ్మమ్మల్ని ఎవరూ అడిగి ఉండరు. "రాగానే పెట్టె తీసెయ్యాలి" అనే నియమంలో శుభ్రం ఒక్కటే కాదు, ఇలాంటి తనిఖీ కూడా కలిసి ఉందని నాకు గట్టి అనుమానం.

ఇక రైలు వచ్చింది. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. గోదావరి మీద రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900లో తయారైంది. అంతకుముందు గోదావరి దాటాలంటే సామానంతా పడవెక్కించి దింపుకోవాల్సిందే. నెలల ప్రయాణం రోజుల్లోకి వచ్చింది గానీ, దాంతోపాటు ఇంటికి ఒక కొత్త అతిథి వచ్చింది: బొగ్గు నుసి.

ఆవిరి ఇంజను రైలెక్కిన మా పెద్దవాళ్ళు కళ్ళల్లో నలుసు గురించి చెప్పకుండా ఆ రోజుల మాట ముగించరు. కిటికీ పక్కన కూర్చుంటే తెల్లపంచె దిగేసరికి బూడిదరంగు. ఈ నుసి మామూలు దుమ్ములా దులిపితే పోదు, కాస్త జిడ్డుగా ఉంటుంది. చెమటతో కలిసి నాలుగు రోజులు మూటలో మగ్గితే ఆ మరక ఇక జన్మలో వదలదు. అందుకే ఎంత రాత్రి దిగినా బట్టలు నీళ్ళల్లో పడాలి. నీళ్ళంటే కుళాయి తిప్పడం కాదండీ, బావిలోంచి తోడడం. పదహారు గంటలు ప్రయాణం చేసి వచ్చిన మనిషే, చంటిపిల్లని మంచం మీద వేసి, పది చేదలు తోడేది. చిత్తరంజన్ కర్మాగారంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లో ఆగిపోయినా, ఉన్నవి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచాయి. కాబట్టి నా వయసు వాళ్ళ అమ్మలందరూ ఆ నుసి ఉతికినవాళ్ళే.

రెండోది నల్లి. చెక్క బెంచీల సందుల్లో, పరుపు చుట్టిన హోల్డాల్ కుట్లలో అది హాయిగా ప్రయాణం చేసేది. ఒక్క కడుపుతో ఉన్న నల్లి ఇంట్లో దిగితే మంచాలు, కుర్చీలు, గోడ పగుళ్ళు అన్నీ దానివే. దాదాపు 50 డిగ్రీల వేడికి నల్లీ చస్తుంది, దాని గుడ్డూ చస్తుంది. మన ఆడవాళ్ళ దగ్గర థర్మామీటర్లు లేవు, కానీ పరుపుల్ని మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలే డాబా మీద పరిచి తిరగేసి మరీ కాల్చేవారు, మంచం కోళ్ళల్లో సలసల మరిగే నీళ్ళు పోసేవారు. మన ఇళ్ళల్లో రేకు ట్రంకుపెట్టె అంతకాలం రాజ్యమేలడానికి ఇదీ ఒక కారణమేమో. దాని నున్నటి గోడల్లో పురుగు దాక్కునే చోటు తక్కువ.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు ప్రభుత్వమే మన మూటలు విప్పింది. 1897లో అంటురోగాల చట్టం తెచ్చారు. రైల్వే స్టేషన్లలో ప్రయాణికుల్ని దింపి పరీక్ష చేశారు, సామాన్లకి మందుకొట్టారు. ఆడవాళ్ళని అలా నిలబెట్టి చూడడం మీద అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. 2020లో మనం పెట్టెల్ని బాల్కనీలో మూడేసి రోజులు నిలబెట్టి, హ్యాండిళ్ళకి శానిటైజర్ రాశామే, దానికి అది ముత్తాత.

ఇవన్నీ ఒకెత్తు, మైల ఒకెత్తు. "రైలు బట్టలతో వంటింట్లోకి రావద్దు" అన్నమాట మీరూ విని ఉంటారు. నుసి వల్లనే అయితే పట్టుచీరకి కూడా అంటాలి. కానీ మడి పాటించే ఇళ్ళల్లో నూలు బట్ట తడిపి ఆరేయాలి, పట్టుకీ ధావళికీ మినహాయింపు. కాబట్టి అసలు భయం నుసి గురించి కాదు. రైలుపెట్టెలో టిక్కెట్టుకి తరగతి ఉంది గానీ కులం లేదు, పక్కన ఎవరు కూర్చుంటారో తెలీదు. ఆ భయాన్ని శుభ్రం అనే మంచిమాటలో చుట్టి మన తరం దాకా పంపారు. నాకు ఈ సంగతి చెప్పుకోవడం ఇబ్బందిగానే ఉంది, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

పైగా ఆ మైలబట్టలు చివరికి ఉతికింది ఎవరు? రజక కుటుంబం. ఏడాదికోసారి కళ్ళంలో ఇంత ధాన్యం, సాయంత్రం గిన్నెలో ఇంత అన్నం. దానికి ఇంటిల్లిపాది గుడ్డలూ చౌడులో నానబెట్టి, ఉబ్బకి పెట్టి, బండమీద బాది తెచ్చేవారు. ఉబ్బ ఆవిరికి ఏ పురుగూ బతకదు. వాళ్ళు మూటకి వచ్చే రోజుకి బట్టలు లెక్కపెట్టి పద్దు రాసి సిద్ధంగా ఉంచాలి, లేకపోతే మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. అందుకని కూడా పెట్టెలు ఆ రాత్రే ఖాళీ అయ్యేవి. మనం మన చాకిరీ గురించి చెప్పుకునేటప్పుడు, మనకంటే కింద నిలబడి ఇంకో ఆడమనిషి చేసిన చాకిరీ కూడా లెక్కలోకి రావాలి.

ఇంకో చిన్న కారణం. మధ్యతరగతి ఇళ్ళల్లో మంచి సూట్‌కేసు ఒక్కటే ఉండేది, అదీ ఒక్కోసారి పక్కింటివాళ్ళది. తిరిగి ఇచ్చెయ్యాలంటే ఖాళీ చెయ్యకేం చేస్తాం?

మరి రెండో రకం ఇళ్ళ సంగతి? వాళ్ళకీ ఒక చరిత్ర ఉంది. మా మామగారు ఉద్యోగరీత్యా నెలలో సగం రోజులు క్యాంపుల్లోనే ఉండేవారట. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ రెవెన్యూ పనంతా అలా తిరుగుతూ చేసిందే. జమాబందీ అంటే అధికారులు ఊరూరా దిగి లెక్కలు చూడడం. అలాంటి ఇంట్లో పెట్టె సగం సర్దే ఉంటుంది. రెండు జతల బట్టలు, గెడ్డం సామాను, తువ్వాలు, దుప్పటి. సోమవారం మళ్ళీ వెళ్ళేవాడికి శనివారం పెట్టె ఖాళీ చేసి బీరువాలో సర్దడం దండగ పని. మాసినవి తీసి ఉతికినవి పెడితే చాలు. రైల్వే, బ్యాంకు, మందుల కంపెనీల ఉద్యోగుల ఇళ్ళల్లో చాలామటుకు ఇదే పద్ధతి. మా అత్తగారు దాన్ని బద్ధకం అనరు, "పెట్టెని నిద్రపుచ్చకూడదు" అంటారు. నాకీ మాట బాగా నచ్చింది.

తర్వాత పెట్టెలకి చక్రాలు వచ్చాయి. బెర్నార్డ్ సాడో అనే అమెరికా ఆయనకి 1972లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు మనం నిలబెట్టి లాగే రకాన్ని 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ తయారుచేశాడు. నుసి పోయింది, హోల్డాల్ పోయింది, ఏసీ పెట్టెలో దుప్పటి వాళ్ళే ఇస్తున్నారు, ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది. ఆ రాత్రే పెట్టె ఖాళీ చెయ్యాల్సిన కారణాలు ఒక్కొక్కటీ వెళ్ళిపోయాయి. నియమం మాత్రం కదల్లేదు. ఎవరి పెట్టె అయినా, ఎంతమంది వెళ్ళొచ్చినా, అది ఖాళీ చెయ్యాల్సిన మనిషి కూడా మారలేదు. నలుగురూ కలిసి విహారానికి వెళ్ళొస్తే ముగ్గురికి సెలవు ఆదివారం రాత్రి అయిపోతుంది, నాలుగో మనిషికి బుధవారం దాకా సాగుతుంది.

అమెరికాలో పిల్లలున్న తల్లులకి ఇది ఇంకా పెద్ద వ్యవహారం. ఒకప్పుడు మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు, తర్వాత అవి 23 కిలోలకి దిగాయి. ఆవకాయ కారిందో లేదో చూడాలి కాబట్టి అక్కడ పెట్టె రాగానే తెరవక తప్పదు, ముందు సున్నుండలు, పొడులు, తర్వాతే బట్టలు. అయితే గత పాతికేళ్ళలో అక్కడి హోటళ్ళలో నల్లులు మళ్ళీ పెరగడంతో, ఇప్పుడు అక్కడి ఆడపిల్లలు ప్రయాణం నుంచి రాగానే పెట్టెని గరాజులోనే ఆపి, బట్టలన్నీ తిన్నగా డ్రయర్లో వేడి మీద తిప్పుతున్నారు. డాబా మీద ఎండలో పరుపులు తిరగేసిన అమ్మమ్మ చేసిన పనే.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరి పెట్టె వాళ్ళే తీసుకోవాలి అనే పద్ధతి పెట్టాం. మా వారిది శుక్రవారానికి ఖాళీ అవుతుంది, నేను అటు చూడను. మా అబ్బాయి హాస్టల్ సంచీ ఒక్కటే ఈ పద్ధతికి లొంగలేదు. వాడు వచ్చి గుమ్మంలో పడెయ్యగానే, పెట్టెని నిద్రపుచ్చకూడదనే మా అత్తగారే ముందు దాని జిప్పు లాగి అడుగుదాకా వెతుకుతారు, కిందటిసారి కట్టిచ్చిన జంతికల్లో ఎన్ని తినకుండా మిగిల్చాడో చూద్దామని.