రంగం వెళ్ళినవాళ్ళు

ఊళ్ళో ఉండాలా, పట్నం పోవాలా అన్న ప్రశ్న ఉత్తరాంధ్ర పల్లెలకు ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. వంద, నూటయాభై ఏళ్ళ కిందట అక్కడివాళ్ళకు పట్నమంటే హైదరాబాదు కాదు, రంగం. అంటే రంగూను.

1852 యుద్ధంతో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ వశమైంది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక యూరపులో బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు, రంగూనులో మిల్లులు లేచాయి. ధాన్యం మోయడానికి, ఓడల్లోకి బస్తాలు ఎక్కించడానికి, రిక్షాలు లాగడానికి మనుషులు కావాలి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవాళ్ళు కాకినాడ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో పొగ ఓడ ఎక్కారు. బర్మాలో వాళ్ళకు పడ్డ పేరు కోరంగీలు. కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి పేరే అది.

వీళ్ళు ఊరు వద్దనుకుని పట్నాన్ని ఎంచుకున్నారనడం పొరపాటు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ చార్జీ, పాత బాకీ, ఇంటి ఖర్చుకు వదిలి వెళ్ళే నాలుగు రూపాయలు అన్నీ అందులోంచే. రంగూనులో దిగాక ఆ డబ్బు కూలిలోంచి కోసుకునేవాడు. పని చూపేదీ, కూలి పంచేదీ అతనే. బస ఇళ్ళలో మనిషికి దక్కేది చాప పరిచేంత నేల. పగటి పనివాడు లేచి వెళ్తే, రాత్రంతా పనిచేసి వచ్చినవాడు అక్కడే నడుం వాల్చేవాడు. అలాంటి చోటికి పెళ్ళాం పిల్లలను ఎవరు తీసుకెళ్తారు? వెళ్ళినవాళ్ళలో అత్యధికులు మగవాళ్ళే. కొన్నేళ్ళకు తిరిగొచ్చి, అప్పు తీర్చి, వీలైతే చెక్క పొలం కొని మళ్ళీ ఓడ ఎక్కేవారు. చెమట పట్నంలో చిందినా లెక్కంతా ఊరిదే. ఆ లెక్కలో సగం మోసింది ఊళ్ళో ఉండిపోయిన ఆడవాళ్ళు: నాట్లు, కోతలు, ముసలివాళ్ళ బాగోగులు, షావుకారు వడ్డీ. ఓడల రాకపోకలు కాగితాల మీదికి ఎక్కినంతగా వీళ్ళ కష్టం ఎక్కలేదు. మన వలస చరిత్రలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే.

1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి తెలుగువాళ్ళను మళ్ళీ పిలిచి, బర్మావాళ్ళను పొమ్మనేసరికి కొట్లాటలు రేగాయి. ఎందరో చనిపోయారు. ఇద్దరి ఆకలినీ ఎదురెదురుగా నిలబెట్టిన యాజమాన్యాలకు మాత్రం దెబ్బ తగల్లేదు. మరుసటి ఏడు జనగణనలో రంగూను జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే.

1941 డిసెంబరు 23న ఆ నగరం మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడ దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన నడిచారు. దారిలోనే రాలిపోయినవాళ్ళు ఎందరో. 1962లో సైన్యం అధికారం చేపట్టి వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత జనం వచ్చారు. వీళ్ళలో చాలామంది బర్మాలోనే పుట్టినవాళ్ళు. తాతలు ఏ ఊరి కోసం ఓడ ఎక్కారో ఆ ఊళ్ళో వీళ్ళకు ఇల్లూ లేదు, పొలమూ లేదు. కొందరికి విశాఖపట్నంలో, కంచరపాలెం దగ్గర చోటు దొరికింది. ఆ పేటను ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పిలుస్తారు.