ఆరు సెంటీమీటర్ల నిబంధన

ఏప్రిల్ 12 వస్తే నాకు బ్యూనస్ ఐరిస్ గుర్తొస్తుంది. 1981లో అదే రోజున అక్కడ జరిగిన ఫార్ములా వన్ కార్ల రేసు అర్జెంటీనా గ్రాండ్ ప్రిలో తనిఖీ అధికారుల కొలబద్దకు ఒక సస్పెన్షన్ దీటైన జవాబిచ్చింది.

అంతకుముందు కథ క్లుప్తమే. గుర్రపు బగ్గీల కమానుకట్టలే తొలి రేసు కార్లకూ వచ్చాయి. తర్వాత కాయిల్ స్ప్రింగులు, చక్రానికో విడి సస్పెన్షన్ వచ్చాయి. 1970ల చివర్లో లోటస్ జట్టు తన కారు అడుగును ప్రత్యేకంగా మలిచి, పక్కల కిందికీ పైకీ జారే స్కర్టులు కట్టింది. కింద గాలి పీడనం తగ్గి కారు నేలను కరుచుకుంది. మలుపుల్లో వేగం హద్దు దాటింది. దాంతో 1981లో జారే స్కర్టులను నిషేధించారు. కారుకూ నేలకూ మధ్య 6 సెంటీమీటర్ల ఖాళీ తప్పనిసరి చేశారు.

బ్రాభమ్ డిజైనర్ గోర్డన్ ముర్రే ఆలోచన ఇక్కడే మొదలైంది. ఆ ఖాళీని కొలిచేది పిట్స్‌లో, కారు ఆగి ఉన్నప్పుడే. పరుగులో కొలిచే దారి లేదు. డ్రైవరు మీట నొక్కి కారును దించడం నిషిద్ధం. అయితే గాలే దించితే? ఆయన ద్రవం, గాలి కలిసి పనిచేసే సస్పెన్షన్ అమర్చాడు. వేగం పెరిగి గాలి కారును అదిమినప్పుడు ద్రవం సన్నని రంధ్రం గుండా వేరే గదిలోకి పోతుంది, కారు కిందికి దిగుతుంది. మలుపులో వేగం తగ్గినా ద్రవం అంత త్వరగా వెనక్కి రాదు కనుక కారు కిందనే ఉంటుంది. రేసు అయ్యాక నెమ్మదిగా పిట్స్‌కు వచ్చేసరికి మళ్లీ 6 సెంటీమీటర్ల ఎత్తుకు లేస్తుంది.

బ్యూనస్ ఐరిస్‌లో బ్రాభమ్ డ్రైవరు నెల్సన్ పికే ముందు వరుసలో మొదటి స్థానం నుంచి బయల్దేరి, సొంతగడ్డ వీరుడు కార్లోస్ రాయిట్‌మన్‌ను సుమారు 26 సెకన్ల తేడాతో ఓడించాడు. మిగతా జట్లు అభ్యంతరం చెప్పాయి, ఆ తర్వాత అవీ కార్లను దించే ఏర్పాట్లు చేసుకున్నాయి. ఆ ఏడాది చివర రాయిట్‌మన్‌పై ఒక్క పాయింటు తేడాతో పికే ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

1983లో కారు అడుగు చదునుగా ఉండాలన్నారు. 1992లో విలియమ్స్‌ను గెలిపించిన కంప్యూటర్ సస్పెన్షన్‌ను 1994కి నిషేధించారు. అదే ఏడాది కారు అడుగున 10 మిల్లీమీటర్ల పలక బిగించారు. మరీ కిందికి దిగి పరుగెత్తితే అది అరిగిపోతుంది, రేసు ముగిశాక దాన్ని కొలుస్తారు. ముర్రే కనిపెట్టిన సందు అలా మూసుకుంది. ఆ పలకే 1994లో బెల్జియంలో షుమాకర్‌ను, 2023లో ఆస్టిన్‌లో హామిల్టన్, లెక్లెర్‌లను అనర్హులను చేసింది.

నిబంధన ఏం కోరుతుందో, దాన్ని ఎప్పుడు, ఎక్కడ కొలుస్తారో వేరువేరుగా చదవగలిగినవాడే గొప్ప డిజైనర్. ముర్రే అలా చదివాడు. అందుకే ఆయన సస్పెన్షన్‌ను దొంగదారి అనడానికి నాకు మనసొప్పదు. అది అచ్చమైన ఇంజినీరింగ్.