‘ప్రకృతి’ యను మాట

పెన్నయొడ్డున నున్న తాడిపత్రి 1800లో నిజాము కుంపిణీవారికి దత్తము చేసిన సీమలోనిది. 1882లో అనంతపురము జిల్లా యేర్పడువఱకు బళ్ళారి జిల్లాలో నుండెను. 1862 జనవరి 1న భారత శిక్షాస్మృతి అమలునకు రాగా, దాని 377వ సెక్షను ఈ యూరికిని వర్తించెను. ప్రకృతిక్రమమునకు విరుద్ధమని తాను తలచిన సంభోగమునకు యావజ్జీవశిక్షవఱకు అది విధించినది.

ఆ శాసనమునకు చేష్ట తెలియును గాని మనసు తెలియదు. స్వలింగానురాగమునకు ఐరోపావారు నేడు వాడు పేరు 1869లో కెర్ట్‌బెనీ యను రచయిత జర్మనుభాషలో వ్రాసిన కరపత్రములలో పుట్టెను. శిక్ష ముందు, పేరు వెనుక! మన వాత్స్యాయనుడో, ‘తృతీయా ప్రకృతి’ యని యేనాడో పేర్కొనెను. ఆయన అన్నిటిని మెచ్చెనని మేము చెప్పము. ప్రకృతికి వెలిగా మాత్రము ఎంచలేదు.

తన వలపు ఎటు మొగ్గుచున్నదో తెలియగోరిన యువకునకుగాని యువతికిగాని ఇంట మాట లేదు. వీథిలో వెక్కిరింత, చట్టములో నేరము. ఆ ప్రశ్నను లోననే అణచుకొని పెండ్లిపీటలపై కూర్చున్నవారిని ఏ దస్తావేజును లెక్కింపలేదు. పడిన శిక్షలకంటె ఇదియే పెద్ద నష్టమని మాకు తోచును.

2009లో ఢిల్లీ హైకోర్టు తొలగించిన నేరము 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో తిరిగివచ్చెను. నాలుగేండ్లు నిరపరాధిగా నున్నవాడు ఒక్కదినమున మరల అపరాధి! తుదకు 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు, వయోజనులు పరస్పరసమ్మతితో ఏకాంతమున కూడుట నేరము కాదనిరి. చరిత్ర వీరికి క్షమాపణ చెప్పుకొనవలెనని వారిలో ఇందూ మల్హోత్రాగారు వ్రాసిరి. ఇక ఠాణా భయము లేదు; తల్లితో ఆ సంగతి యెత్తుటకు తగిన తెలుగుమాటను మాత్రము బిడ్డ నేటికిని వెదకుకొనవలసియున్నది.